ఇంజిన్ దించితే కూలెంత? గ్యారేజీ కొటేషన్‌లో ‘లేబర్’ లెక్క

కారు షెడ్డులో వదిలిన రెండో రోజు సాయంత్రం ఫోను వస్తుంది. "సార్, హెడ్ గాస్కెట్ పోయింది. ఇంజిన్ విప్పాలి. పార్టులు వేరే, లేబరే పాతిక వేలు అవుద్ది." పార్టుల సంగతి మనకు కొంతైనా అర్థమవుతుంది. డబ్బా మీద ఎమ్మార్పీ ఉంటుంది, నాలుగు దుకాణాల్లో అడగొచ్చు, ఫోనులో వెతకొచ్చు. లేబర్‌కు ఎమ్మార్పీ లేదు. పాతిక వేలు ఎక్కువో తక్కువో తేల్చడానికి మన చేతిలో కొలబద్ద ఏదీ ఉండదు. అందుకే చాలామంది ఆ అంకెను పట్టుకుని "కొంచెం చూసి వేయండి" అంటారు. మెకానిక్ రెండు వేలు తగ్గిస్తాడు. ఇద్దరూ తృప్తి పడతారు. ఆ పాతిక వేలు ఏయే పనులకో మాత్రం ఇద్దరి మధ్యా మాటే రాదు.

దీనికి తోడు ఈమధ్య ఇంకో అయోమయం. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతానికి వచ్చింది. అంతకు ముందు చాలావాటి మీద 28 శాతం ఉండేది. "పన్ను తగ్గిందన్నారు, మా బిల్లు పెద్దగా తగ్గలేదేంటి?" అని అడిగేవాళ్లు ఉన్నారు. తగ్గింది పార్టుల మీద మాత్రమే. రిపేరు పని మీద పన్ను అప్పుడూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే. పన్ను కలపకుండా పార్టులు 40,000, లేబర్ 30,000 అయిన బిల్లు తీసుకుందాం. పార్టులన్నీ పాత 28 శాతం కిందివే అనుకుంటే అప్పట్లో పన్ను 11,200కు 5,400 కలిపి 16,600. ఇప్పుడు 7,200కు 5,400 కలిపి 12,600. ఆ నాలుగు వేల తేడా అంతా పార్టుల వైపు నుంచే వచ్చింది. ఇంజిన్ పనిలో లేబర్ వాటా ఎంత పెద్దదైతే పన్ను తగ్గిన ఊరట అంత చిన్నగా కనిపిస్తుంది.

కూలి పార్టుకు కాదు, దాని దగ్గరకు వెళ్లే దారికి

ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్యలో, క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల ఊపుతో తిరిగే ఇరుసు) చివర ఒక ఆయిల్ సీల్ ఉంటుంది. రబ్బరు రింగు. ఖరీదు వందల్లోనే. అది కారడం మొదలుపెడితే మార్చాలి. దాన్ని చేరాలంటే ముందు చక్రాలకు పోయే యాక్సిల్ షాఫ్టులు ఊడదీయాలి, గేర్‌బాక్సు దించాలి, క్లచ్ విప్పాలి, ఫ్లైవీల్ తీయాలి. సీల్ మార్చడం పది నిమిషాల పని. మిగతాదంతా రానూ పోనూ ప్రయాణం. దానికి మెకానిక్ ఐదు వేలు అడిగితే "నాలుగు వందల సీల్‌కి ఐదు వేల కూలా?" అనిపించడం సహజమే, కానీ ఆ పోలిక తప్పు. ఇటు బ్యాటరీకి చార్జి ఇచ్చే ఆల్టర్నేటర్ చూడండి. వేలల్లో ఖరీదు. చాలా కార్లలో బెల్టు వదులు చేసి రెండు మూడు బోల్టులు తీస్తే చేతికి వస్తుంది.

అందుకే "లేబర్ పార్టుల ఖరీదులో సగం దాటకూడదు" అని కొందరు చెప్పే సూత్రానికి ఆధారం లేదు. పార్టు ధరకూ కూలికీ సంబంధం లేదు. అడ్డం ఏమేమి ఉన్నాయన్నదే లెక్క.

ఒకే ఇంజిన్‌కు కూడా కారును బట్టి కూలి మారేది ఇందుకే. ఫియట్ వారి 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ మన రోడ్ల మీద మారుతి స్విఫ్ట్‌లో తిరిగింది, టాటా ఇండికా విస్టాలో తిరిగింది, ఫియట్ పుంటోలో తిరిగింది. లోపలి గుండె ఒకటే. బానెట్ కింద జాగా, ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంట్లు, చుట్టూ అల్లుకున్న పైపులు, వైర్లు మాత్రం ఒక్కో కంపెనీవి ఒక్కో రకం. ఒకదానిలో చెయ్యి దూరే చోట ఇంకోదానిలో స్పానర్ కూడా తిరగదు. పాత మారుతి ఓమ్నీలో ముందు సీటు లేపితే ఇంజిన్ కనిపించేది. ఆ రోజుల నాటి కూలిని మనసులో పెట్టుకుని ఇవాళ్టి టర్బో కారుకు బేరమాడేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

కారు వయసూ, ఊరూ కూడా లెక్కలోకి వస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే చోట పదేళ్లు తిరిగిన కారు కింద బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. కంపెనీ పుస్తకంలో రెండు గంటలని రాసిన పని అక్కడ పూట పట్టొచ్చు.

హెడ్ పని, హాఫ్ ఇంజిన్, ఫుల్ ఇంజిన్: మాటల్లోనే సగం తిరకాసు

ఇంజిన్‌ను రెండు అంతస్తుల ఇల్లు అనుకుంటే, కింది అంతస్తు బ్లాక్. పిస్టన్లు, క్రాంక్ అందులో ఉంటాయి. పై అంతస్తు సిలిండర్ హెడ్. గాలిని లోపలికీ పొగను బయటికీ వదిలే వాల్వులు, వాటిని తెరిచే క్యామ్ షాఫ్ట్ అక్కడ. రెండిటి మధ్య పల్చటి రేకు లాంటి గాస్కెట్. మండే గ్యాసు, ఆయిలు, కూలెంట్ ఒకదానిలో ఒకటి కలవకుండా ఆపేది అదే. ఇంజిన్ బాగా హీటెక్కితే అల్యూమినియం హెడ్ వంకర తిరుగుతుంది, గాస్కెట్ దెబ్బతింటుంది.

‘హెడ్ పని’ అంటే పై అంతస్తు దించి బాగు చేయడం. ఇందులో గాస్కెట్ మార్చడం ఒక్కటే ఉండదు. హెడ్ అడుగు చదునుగా ఉందో లేదో సమబద్ద ఆనించి, కింద సన్నని ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూడాలి. ఒప్పుకునే వంకర మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. అది దాటితే లేత్ వాళ్ల దగ్గర ఫేసింగ్ కొట్టించాలి, అంటే అడుగును చదునుగా చెక్కించాలి. వాల్వులు కూర్చునే చోటు సరిచేయాలి. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు ఒక్కసారి వాడేవే. వాటిని ముందు నిర్ణీత బిగువుకు, ఆపైన ఇన్ని డిగ్రీలని కొలిచి తిప్పాలి. ఎవరైనా హెడ్ పనికి మరీ తక్కువ కూలి చెప్పారంటే వీటిలో ఏవో దాంట్లో లేవన్న అనుమానం రావాలి.

‘ఫుల్ ఇంజిన్’ అన్నా ‘ఓవర్‌హాలింగ్’ అన్నా రెండు అంతస్తులూ విప్పడం. ఇంజిన్ కారులోంచి బయటకు రావాలి. సిలిండర్లు అరిగితే బోర్ కొట్టించి (లోపలి గోడను కాస్త తొలిచి) 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు, లేదంటే లోపల కొత్త గొట్టాలు, అంటే స్లీవులు దింపుతారు. క్రాంక్ అరిగితే గ్రైండింగ్, దానికి తగ్గ బేరింగులు.

అసలు చిక్కంతా ‘హాఫ్ ఇంజిన్’ దగ్గర. షెడ్డు భాషలో చాలామంది ఈ మాటను క్రాంక్ జోలికి పోకుండా హెడ్, పిస్టన్ రింగుల వరకు చేసే పనికి వాడతారు. కంపెనీ సర్వీస్ సెంటర్ కౌంటర్‌లో అదే మాటకు క్రాంక్, పిస్టన్లతో కలిపి వచ్చే కొత్త బ్లాక్ అని అర్థం. ఒకరికి ఎక్కువగా పై సగం, ఇంకొకరికి కింది సగం! ఇద్దరి దగ్గరా "హాఫ్ ఇంజిన్‌కు ఎంత?" అని అడిగి ధరలు పోల్చుకుని వచ్చినవాడు నిజానికి రెండు వేర్వేరు పనుల ధరలు తెచ్చుకున్నాడు.

గంటల లెక్క, గుత్త లెక్క

లేబర్ కట్టే పద్ధతులు స్థూలంగా రెండు. కంపెనీ సర్వీస్ సెంటర్లలో ప్రతి పనికీ ఇన్ని గంటలని కంపెనీయే ముందుగా నిర్ణయించి ఉంచుతుంది. ఆ గంటలను ఆ ఊళ్లో నడిచే గంట రేటుతో గుణిస్తే లేబర్. దీన్ని ఫ్లాట్ రేట్ అంటారు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది బాగా తెలుసు. అక్కడి బిల్లులో 8.4 గంటలు అని చుక్కతో సహా ఉంటుంది. మన షెడ్లలో నడిచేది గుత్త. "హెడ్ పని మొత్తానికి ఇంత" అని ఒక్క మాట.

ఫ్లాట్ రేట్ మీద ఒక పాత ఫిర్యాదు ఉంది. పుస్తకంలో తొమ్మిది గంటలని ఉన్న పనిని చెయ్యి తిరిగిన మెకానిక్ ఆరు గంటల్లో ముగిస్తాడు. బిల్లు మాత్రం తొమ్మిదికే పడుతుంది. ఇది మోసమని కొందరి వాదన. గ్యారేజీ వైపు నుంచి చూస్తే, అదే పనిలో ఒక బోల్టు లోపల విరిగి పన్నెండు గంటలు పట్టినా కస్టమరు తొమ్మిదికే కడతాడు. ముందుగా తేల్చిన ధర అంటే ఆలస్యం భారం గ్యారేజీ మోస్తుంది, చురుకుదనం లాభం కూడా గ్యారేజీకే పోతుంది. నాకు ఈ రెండో మాటే సబబుగా తోస్తుంది. అయితే ఒక షరతు. బోల్టు విరిగినప్పుడు "అదనపు లేబర్" అంటూ వసూలు చేసే గ్యారేజీకి తొందరగా ముగిసినప్పుడు పూర్తి గంటలు అడిగే న్యాయం లేదు. రెండు వైపులా గెలుస్తానంటే కుదరదు.

గంట రేటు మెకానిక్ జీతం కాదన్న సంగతి కూడా మరిచిపోతాం. లిఫ్టు, స్కానర్, షెడ్డు అద్దె, హెల్పర్లు, రెండోసారి వెనక్కొచ్చిన బండికి ఉచితంగా చేసే పని, అన్నీ అందులోంచే పోవాలి.

గుత్తలో ఇంకో సంగతి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ ఆటోనగర్‌లోనో ఇంజిన్ పని ఒక్క మనిషి చేతిలో జరగదు. విప్పేదీ బిగించేదీ ఒకరు. హెడ్ ఫేసింగ్, బోరింగ్ లేత్ వాళ్లవి. డీజిల్ పంపు, ఇంజెక్టర్లు ఇంకో షాపువి. వైరింగ్ ఎలక్ట్రీషియన్‌ది. మనం హైదరాబాద్‌లో ఉస్తాద్ అనీ, కోస్తాలో మేస్త్రి అనీ పిలిచే పెద్ద మెకానిక్ వీళ్లందరినీ కలుపుకొచ్చే మనిషి. ఆయన చెప్పిన గుత్తలో వీళ్లందరి కూలీ ఉందా, ఆయన వాటా ఒక్కటే ఉందా అన్నది మాటల్లో తేలకపోతే బిల్లులో తేలుతుంది.

ఒకసారి విప్పి రెండుసార్లు కూలి

గంటల లెక్కలో పెద్ద మొత్తాలు తప్పిపోయే చోటు ఇదే. ఊహా లెక్కే, అంకెలు కేవలం ఉదాహరణకు. క్రాంక్ నుంచి క్యామ్ షాఫ్ట్‌ను టైమింగ్ చెయిన్ తిప్పే నాలుగు సిలిండర్ల ఇంజిన్, గంట రేటు 900 రూపాయలు. ఎస్టిమేట్‌లో ఇలా ఉంది: హెడ్ దించి ఎక్కించడానికి 9 గంటలు, వాల్వుల పనికి 3, టైమింగ్ చెయిన్ మార్చడానికి 6, వాటర్ పంపుకు 2.5. మొత్తం 20.5 గంటలు. లేబర్ 18,450, పన్నుతో 21,771.

ప్రతి అంకే విడివిడిగా నిజం కావచ్చు. చెయిన్ ఒక్కటే మార్చడానికి వస్తే ఆరు గంటలు పట్టేదేమో. కానీ ఇక్కడ హెడ్ దించడానికే ముందు కవరు విప్పి చెయిన్ తీసేశారనుకుందాం. తిరిగి బిగించేటప్పుడు పాతదాని బదులు కొత్తది వేయడానికి అదనంగా పట్టేది గంట. కూలెంట్ ఎలాగూ వంచేశారు, బెల్టు ఎలాగూ తీశారు, పంపుకు ఇంకో అరగంట. అంటే 9, 3, 1, 0.5 కలిపి 13.5 గంటలు. లేబర్ 12,150, పన్నుతో 14,337. ఒకే దారిలో మూడుసార్లు నడిచినట్టు లెక్క వేయడం వల్ల వచ్చిన తేడా 7,434 రూపాయలు.

ఇది ప్రతిసారీ దురుద్దేశమే కానక్కర్లేదు. కంప్యూటర్లో ఒక్కో పనికి ఒక్కో కోడ్ నొక్కుతూ పోతే మొత్తం అలా పేరుకుంటుంది. ఇంకో వైపు, కస్టమరు ఊహించిన మినహాయింపు ఉండకపోవచ్చు కూడా. కొన్ని ఇంజిన్లలో ముందు కవరు ముట్టుకోకుండానే, చెయిన్ జారిపోకుండా కట్టి ఉంచి హెడ్ మాత్రం ఎత్తేయొచ్చు. అలాంటి చోట చెయిన్ మార్చడానికి కవరు, ఆయిల్ చాంబర్ విప్పడం నిజంగానే వేరే పని, వేరే కూలి. రెండు పనులూ కలిపి చేస్తే మొత్తం గంటలెన్ని, విడివిడిగా అయితే ఎన్ని అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఇది బయటపడుతుంది.

ఇదే తర్కం కస్టమరుకు లాభించేది గేర్‌బాక్సు దించినప్పుడు. గేర్‌బాక్సు దిగినా, ఇంజిన్ బయటకు వచ్చినా క్లచ్ ప్లేటు, వెనక ఆయిల్ సీల్ చేతికి అందే దూరంలో ఉంటాయి. అప్పుడు మారిస్తే పార్టు ఖరీదు, నామమాత్రపు కూలి. ఆరు నెలల తర్వాత మారిస్తే మళ్లీ గేర్‌బాక్సు దించే కూలి మొత్తం. "ఎలాగూ విప్పాం కదా సార్" అని మెకానిక్ అన్నప్పుడల్లా అంటగడుతున్నాడని అనుకోనక్కర్లేదు. ఆ పార్టు అదే దారిలో ఉందా లేదా అన్నది చూడాలి. ఇంజిన్ దించినప్పుడు ముందు బ్రేకు ప్యాడ్లు కూడా మార్చేద్దామంటే మాత్రం, వాటి దారి వేరు.

పాతిక వేలు, నలభై రెండు వేలు: రెండు కొటేషన్లు పక్కపక్కన

ఇంకో ఊహా ఉదాహరణ. ఒకే కారు, ఒకే ఫుల్ ఇంజిన్ పని. షెడ్డు మేస్త్రి చెప్పిన గుత్త 25,000. అన్ని కంపెనీల కార్లూ చేసే పెద్ద గ్యారేజీ రాసిచ్చింది 36,000, దాని మీద జీఎస్టీ 6,480, మొత్తం 42,480. పైకి తేడా 17,480. ఎవరైనా షెడ్డు వైపే మొగ్గుతారు.

విడదీసి చూస్తే, షెడ్డు గుత్తలో లేత్ పని లేదు. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ కలిపి 11,000 వేరే. ఏసీ గ్యాసు మళ్లీ నింపడానికి 2,500 వేరే. అప్పటికి 38,500. పెద్ద గ్యారేజీ లెక్కలో ఈ రెండూ ఉన్నాయి. అసలు తేడా 3,980. ఆ నాలుగు వేలకు ఏం వస్తోంది? బిల్లు, రాతపూర్వక వారంటీ వస్తే ఒక లెక్క. ఏసీ గదిలో కాఫీ మాత్రమే వస్తే ఇంకో లెక్క. అటు చూస్తే, ముప్ఫై ఏళ్లుగా అదే ఇంజిన్ మీద చెయ్యి పెట్టిన మేస్త్రి షెడ్డులో ఉండొచ్చు, పెద్ద గ్యారేజీలో మీ బండిని విప్పేది నిన్న చేరిన కుర్రాడు కావచ్చు. ఆ విలువ ఏ కొటేషన్‌లోనూ రాసి ఉండదు.

ఏసీ గ్యాసు దగ్గర ఒక చిన్న మాట. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్‌ను పైపులు విప్పకుండానే ఊడదీసి, పక్కకు కట్టేసి ఇంజిన్ దించొచ్చు. అప్పుడు గ్యాసు బయటకే పోదు. జాగా లేని కార్లలో పైపులు విప్పక తప్పదు. కాబట్టి ఆ 2,500 న్యాయమో కాదో కారును బట్టే ఉంటుంది.

"విప్పితే గానీ తెలియదు సార్"

ఈ మాట అబద్ధం కాదు. సిలిండరు గోడ ఎంత అరిగిందో, హెడ్‌లో సన్నటి పగులు ఉందో లేదో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు. కానీ విప్పకుండా ఏమీ తెలియదన్నది కూడా నిజం కాదు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టు గంట రెండు గంటల పని. పెట్రోలు ఇంజిన్‌లో మూడు సిలిండర్లు 12 బార్ చూపించి నాలుగోది 7 చూపించిందంటే జబ్బు ఆ నాలుగోదానిలో ఉంది. ఆ సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే రింగులో గోడో అరిగినట్టు. పెరగకపోతే అనుమానం వాల్వుల మీదకో గాస్కెట్ మీదకో మళ్లుతుంది. మొదటిది కింది అంతస్తు పని, రెండోది పై అంతస్తు పని. రెండిటి కూలి మధ్య వేలల్లో తేడా. అలాగే రేడియేటర్ దగ్గర పరీక్ష ద్రవం పెట్టి చూస్తే, మండిన గ్యాసు కూలెంట్‌లోకి వస్తుంటే దాని నీలం రంగు పసుపుకు తిరుగుతుంది. ఇవేవీ చేయకుండా పొగ రంగు చూసి "ఫుల్ ఇంజిన్" అన్నవాడు అనుభవం మీద చెప్తున్నాడు. అది నిజమే కావచ్చు. కానీ ఆ మాట మీద ఖర్చు పెట్టేది మీరు.

అందుకే సవ్యమైన కొటేషన్ సాధారణంగా రెండు మెట్లలో ఉంటుంది. విప్పి చూసేదాకా ఇంత. చూశాక పని అక్కడితో ఆపేస్తే ఇంతే. ముందుకు పోతే ఆ కూలి మొత్తంలో కలుస్తుంది. రెండో మెట్టుకు కొత్త అంగీకారం కావాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో రాతపూర్వక ఎస్టిమేట్ ఇవ్వడం, దాన్ని దాటితే ముందే కస్టమరు అనుమతి తీసుకోవడం చట్టంలోనే ఉంది. మన దగ్గర చాలా షెడ్లలో ఇది మాట మీద నడుస్తుంది.

నా పాత డీజిల్ కారు సూర్యాపేట దాటాక హీటెక్కింది. ముల్లు ఎర్ర గీత మీద ఉండగానే, ఇంకెంత, దాబా వచ్చేస్తుందిలే అని నాలుగు కిలోమీటర్లు తోలాను. ఆ నాలుగు కిలోమీటర్లే హెడ్‌ను వంచాయి. షెడ్డులో హెడ్ పనికి 18,000 అన్నారు. చివరికి 31,000 అయింది. నేను ఎగిరి పడ్డాను. నింపాదిగా విడదీసి చూస్తే లేత్ వాళ్ల బిల్లు ఒకటి, విరిగిన గ్లో ప్లగ్ (చల్లటి డీజిల్ ఇంజిన్‌ను వేడెక్కించే సన్నటి కడ్డీ) తీసిన కూలి ఇంకొకటి. డీజిల్ కార్లలో ఏళ్ల తరబడి కదలని గ్లో ప్లగ్ తీసేటప్పుడు పుటుక్కున విరగడం మామూలే. లోపల మిగిలిన ముక్కను హెడ్ పాడవకుండా తొలిచి తీయడం ఓపిక పని. ఆ రెండిటికీ నాకు అభ్యంతరం లేకపోయింది. కింద ‘జనరల్ లేబర్’ అని 3,500 వేసిన గీత ఒకటి ఉంది. అదేంటో మాత్రం షెడ్డులో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇంజినే మార్చేస్తే

కూలి ఎక్కువైనప్పుడు కొందరు సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేయమంటారు. దించడం, ఎక్కించడమే పని కాబట్టి కూలి ఓవర్‌హాలింగ్ కంటే తక్కువ. కానీ కొన్న ఇంజిన్ లోపల ఏముందో మనకు తెలియదు. పైగా ఇంజిన్ నంబరు కొట్టి ఉండేది బ్లాక్ మీద. బ్లాక్ మారిందంటే ఆర్సీలో ఉన్న నంబరుతో బండి కలవదు, ఆర్టీఏ ఆఫీసులో మార్పు చేయించాలి. ఆ తిరుగుళ్లు కూలి లెక్కలో కనిపించవు.

బిల్లు, బీమా

జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని షెడ్డు పన్ను వసూలు చేయకూడదు. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను తామే కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారులు కూడా కస్టమరు దగ్గర విడిగా పన్ను తీసుకోకూడదు. పన్ను వేసిన బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. తెలంగాణదైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది.

మామూలు అరుగుదలతో ఇంజిన్ పోతే మోటారు బీమా రాదు. వరద వేరే కథ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు ఇళ్ల ముందున్న కార్లు నీళ్లలో నానాయి. అలాంటి బండిని అలాగే స్టార్ట్ చేస్తే సిలిండర్లోకి చేరిన నీరు పిస్టన్‌ను అడ్డుకుంటుంది. నీరు గాలిలా నలగదు కాబట్టి పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఈ నష్టానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే క్లెయిము తిరస్కరించడం సర్వసాధారణం. క్లెయిము నడిచిన చోట మాత్రం పార్టులు, లేబర్ విడివిడిగా ఉండటం వల్ల చేతికొచ్చే డబ్బే మారుతుంది. ఆరేళ్ల కారుకు లోహపు పార్టుల మీద మామూలు పాలసీ 40 శాతం తరుగు కోస్తుంది. లేబర్ మీద తరుగు కోయరు. లోహపు పార్టులు 60,000, లేబర్ 25,000 అయితే, తప్పనిసరిగా మనం భరించే మొత్తాన్ని పక్కన పెడితే, వచ్చేది 36,000కు 25,000 కలిపి 61,000. బీమా కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ ఆ లేబర్‌కు ఒప్పుకుంటేనే సుమా.

పార్టు ఫ్రీ, కూలి మీదే

చెయిన్‌ను బిగువుగా ఉంచే కొత్త టెన్షనర్ వేసిన ఐదు నెలలకే పోయిందనుకుందాం. దాని తయారీదారు ఇంకోటి ఉచితంగా ఇస్తాడు. ఖరీదు రెండు వేలు. కానీ అది వేయాలంటే మళ్లీ అదే ఆరు గంటల దారి. ఆ కూలి ఎవరిది? "వారంటీ ఉంది" అన్న మాటలో పార్టు వారంటీ, పని వారంటీ రెండూ ఉన్నాయా అన్నది చాలామందికి అప్పుడు గానీ తట్టదు.

పార్టులు మనమే కొనుక్కెళ్తే ఇది ఇంకా ముదురుతుంది. కస్టమరు వైపు న్యాయం ఉంది: దుకాణంలో దొరికేదానికి మెకానిక్ మార్జిన్ ఎందుకివ్వాలి? మెకానిక్ వైపూ ఉంది: నువ్వు తెచ్చిన పార్టు పాడైతే రెండోసారి విప్పే కూలి నేనెందుకు వదులుకోవాలి? చాలా షెడ్లలో పార్టుల మార్జినే తక్కువ కూలిని మోస్తుంటుంది. అది తీసేస్తే కూలి పెంచడం అన్యాయమేమీ కాదు.

బండి వాళ్ల దగ్గర, తాళాలు వాళ్ల దగ్గర

1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 170వ సెక్షన్ ఉంది. ఒక వస్తువు మీద తన శ్రమ, నైపుణ్యం పెట్టినవాడు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, రావాల్సిన ప్రతిఫలం అందేదాకా దాన్ని తన దగ్గరే ఉంచుకోవచ్చు. బట్ట కుట్టిన దర్జీకైనా, ఇంజిన్ బిగించిన గ్యారేజీకైనా ఇదే వర్తిస్తుంది. అయితే ఆ హక్కు న్యాయంగా రావాల్సిన మొత్తానికే, నోటికొచ్చిన అంకెకు కాదు. ఏది న్యాయమన్నది తర్వాత వాదించుకోవాలంటే 1915 హెల్ప్‌లైన్ ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు చెల్లింపుల వివాదానికి అక్కడ ఫీజు లేదు. కమిషన్ ముందు నిలబడేది కాగితమే. వాట్సాప్‌లో పంపిన ఎస్టిమేట్ అయినా సరే.

ఈ సెక్షన్ సంగతి నాకు ఆ 3,500 దగ్గరే తెలిసింది. జనరల్ లేబర్ అంటే ఏంటో చెప్తేనే కడతానన్నాను. కడితేనే తాళాలన్నారు. కారు ఇంకో రెండు రోజులు షెడ్డులోనే ఉంది. మూడో రోజు మేస్త్రి తనే ఫోను చేసి, "సగం ఇవ్వండి సార్, బండి అడ్డంగా ఉంది" అన్నాడు. 1,750 ఇచ్చి తెచ్చుకున్నాను. దేనికిచ్చానో ఇప్పటికీ తెలియదు.